శ్వేతపత్రానికి రెండో భాగం ఎప్పుడు?

ఎక్కువమంది మాట్లాడి తక్కువమంది చదివిన పుస్తకాల జాబితా ఎవరైనా వేస్తే, 2023 డిసెంబర్ 20న తెలంగాణ శాసనసభలో ఆర్థికమంత్రి మల్లు భట్టి విక్రమార్క ప్రవేశపెట్టిన శ్వేతపత్రానికి అందులో మంచి స్థానమే దక్కాలి. 42 పేజీలు. కొత్త ప్రభుత్వం ప్రమాణస్వీకారం చేసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. సభ్యుల చేతికి పత్రం ఇచ్చి, ఇక చర్చించండి అన్నారు. చదవడానికి కాస్త సమయం ఇవ్వండని ప్రతిపక్షం అడిగితే సభని అరగంట వాయిదా వేశారు. దాదాపు పదేళ్ళ లెక్కలు, అరగంట. టీ తాగి వచ్చేసరికి ఎవరి ఉపన్యాసం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. పత్రంలో ఏముందన్నది అప్పుడూ ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఇప్పుడూ పట్టడం లేదు.

నేను ఆర్థికవేత్తను కాను. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, తీరిక దొరికినప్పుడు పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాస్తుంటాను. అందుకే ఈ శ్వేతపత్రాన్ని కూడా ఒక పుస్తకంలాగే చదివాను. కథ ఎక్కడ మొదలుపెట్టారు, ఎవరి గొంతుతో చెప్పారు, ఎక్కడ ఆపేశారు అని చూసుకుంటూ. నా ఫిర్యాదు అంతా ఆ ఆపేసిన చోటు గురించే.

ముందు మంచి మాట చెప్పాలి, ఎందుకంటే అది చెప్పకుండా తిట్టడం అన్యాయం. ఈ పత్రం చేసిన అసలు పని అప్పుని నాలుగు గడుల్లో విడగొట్టి చూపించడం. మొదటి గడి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం పరిధిలో ప్రభుత్వం తన పేరుతో తెచ్చిన అప్పు: 3,89,673 కోట్ల రూపాయలు. రెండో గడి, కార్పొరేషన్ల పేరుతో ప్రభుత్వ గ్యారంటీ మీద తెచ్చి, ప్రభుత్వమే కడుతున్న అప్పు: 1,27,208 కోట్లు. మూడోది గ్యారంటీ ప్రభుత్వానిదైనా కార్పొరేషన్లే కట్టుకోవాల్సింది: 95,462 కోట్లు. నాలుగోది గ్యారంటీ కూడా లేకుండా కార్పొరేషన్లూ ప్రభుత్వ సంస్థలూ తెచ్చుకున్నది: 59,414 కోట్లు. కూడితే 6,71,757 కోట్లు. (నేను కూడి చూశాను. సరిపోయింది. ప్రభుత్వ పత్రాల్లో కూడికలు సరిపోయినప్పుడు నాకు చిన్న సంతోషం.)

ఆ రెండో గడి దగ్గర కాసేపు ఆగాలి. ఒక కంపెనీ పెడతారు, కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ అని. దానికి చెప్పుకోదగ్గ సొంత ఆదాయం ఉండదు. రైతు దగ్గర నీటి డబ్బులు వసూలు చెయ్యదు. కానీ బ్యాంకులకి వెళ్ళి వేల కోట్లు అప్పు తెస్తుంది. బ్యాంకు ఎందుకిస్తుంది? వెనకాల ప్రభుత్వం సంతకం ఉంది కాబట్టి. వాయిదా ఎవరు కడతారు? బడ్జెట్. మరి ఆ అప్పు బడ్జెట్ లెక్కల్లో ఎందుకు లేదు? తెచ్చింది కంపెనీ కదా! మన ఊళ్ళలో ఈ పద్ధతికి కొత్తేం లేదు. తన పేరున సొసైటీలో అప్పు పుట్టకపోతే బావమరిది పేరున రాయించుకుని వాడుకునేవాళ్ళని అందరం చూశాం. తేడా ఏమిటంటే ఇక్కడ బావమరిదికి పొలం కూడా లేదు. 2022 నుంచి కేంద్రం ఈ బయటి అప్పుల్ని కూడా రాష్ట్రాల అప్పు పరిమితిలో కలిపి చూడటం మొదలుపెట్టాక ఈ దారి ఇరుకైంది. అయితే అప్పటికే చాలామటుకు వాడేశారు. ఈ గడుల్ని సభలో తెరిచి పెట్టినందుకు భట్టి విక్రమార్కకి మెచ్చుకోలు దక్కాల్సిందే.

ఇక తప్పు. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పు 72,658 కోట్లు, ఇప్పుడు 6,71,757 కోట్లు అని పక్కపక్కన రాశారు. మర్నాడు ఎక్కడ చూసినా తొమ్మిది రెట్లు, పది రెట్లు అన్న మాటే. మొదటి సంఖ్య ప్రభుత్వం పేరున ఉన్న అప్పు మాత్రమే, రెండోది నాలుగు గడుల మొత్తం. సమానమైనదాన్ని సమానమైనదానితో పోలిస్తే 72,658 నుంచి 3,89,673. అంటే ఐదు రెట్లు దాటింది. పైగా ఆ 3,89,673 కూడా ఆ ఆర్థిక సంవత్సరం చివరికి చేరుతుందని వేసిన బడ్జెట్ అంచనా, అంతకుముందే చేతిలో పడ్డ అప్పు కాదు. ఐదు రెట్లు చాలదా? ఆ సంఖ్యతోనే పాత ప్రభుత్వాన్ని నిలదీయొచ్చు కదా! నిజం బలంగా ఉన్నచోట దాన్ని ఇంకాస్త లాగితే అవతలివాళ్ళకి సందు దొరుకుతుంది. దొరికింది.

నాలుగు రోజుల తర్వాత, డిసెంబర్ 24న, కేటీఆర్ 'స్వేదపత్రం' విడుదల చేశారు. శ్వేతానికి స్వేదం. శ్లేష బాగుంది, ఒప్పుకుంటాను. ఆ ఒక్క అక్షరం మీద బీఆర్‌ఎస్ ఎంత నవ్వు రాబట్టుకుందో పత్రంలోపలి వాదనతో అంత రాబట్టుకోలేకపోయింది. వాళ్ళ లెక్కలో అప్పు 3.17 లక్షల కోట్లే. కార్పొరేషన్లు కట్టుకునేది రాష్ట్రం అప్పు కాదు. దానికి బదులుగా 50 లక్షల కోట్ల సంపద సృష్టించాం. అప్పు చేశాం, నిజమే, కానీ అది ఆస్తి అయింది కదా!

ఈ వాదన వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేసినవాళ్ళందరికీ అర్థమయ్యే వాదన కూడా. ఇక్కడ మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాటూ హోమ్ లోన్ మీదే నడుస్తోంది, నాది కూడా. కానీ ఇల్లు ఆస్తి అవ్వాలంటే నిలబడాలి. మేడిగడ్డ బరాజ్ పియర్లు 2023 అక్టోబర్ 21న కుంగాయి, ఎన్నికలకి నలభై రోజుల ముందు. 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, కేంద్ర జలసంఘానికి 81,911 కోట్లని చూపిన కాళేశ్వరం ఖర్చు 1,47,427 కోట్లు దాటేలా ఉందనీ, పెట్టిన ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలనీ లెక్కగట్టింది. రూపాయి పెట్టి 52 పైసలు తెచ్చుకోవడాన్ని సంపద సృష్టి అంటే మా ఆఫీసులో ఫైనాన్స్ వాళ్ళు కూడా ఒప్పుకోరు, వాళ్ళు చాలా వాటికి ఒప్పుకునే మనుషులే అయినా.

సరే, ఇంతవరకూ ఇద్దరూ తలా ఒక పుస్తకం రాశారు. ఒకరిది అప్పుల పురాణం, ఇంకొకరిది ఆస్తుల పురాణం. రెంటిలోనూ కథానాయకుడు పాత ప్రభుత్వమే. నా గొడవ ఇక్కడ మొదలవుతుంది. శ్వేతపత్రం అనే ఈ ప్రక్రియ మనకి కొత్త కాదు, దానికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పత్రం కన్నా పత్రం తర్వాత జరిగినది ముఖ్యం.

1995 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు 1996లో రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు తెచ్చారు. ఖజానా ఖాళీ, సంక్షేమం భారం అన్నది సారాంశం. ఆ వెంటే 2 రూపాయల కిలో బియ్యం 3.50 అయింది. 1997లో మద్యనిషేధం పోయింది. 1998లో ప్రపంచబ్యాంకు రుణం వచ్చింది. 2000లో కరెంటు ఛార్జీలు పెరిగాయి. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. ఆ ఛార్జీల మీద ముఖ్యమంత్రికి నిరసన లేఖ రాసినవాళ్ళలో అప్పటి డిప్యూటీ స్పీకర్ కేసీఆర్ ఒకరు. శ్వేతపత్రానికీ కాల్పులకీ నేరుగా ముడి పెట్టడం నా ఉద్దేశం కాదు. ఖజానా ఖాళీ అని ప్రభుత్వం చదివి వినిపించిందంటే, ఇక ఎవరి కంచంలోంచి తీయాలో చూస్తోందన్నమాట. అప్పుడు బియ్యం తినేవాడి కంచంలోంచి తీశారు. అందుకని శ్వేతపత్రం చదివేటప్పుడు నేను దోషి ఎవరని వెతకను, చివరికి బిల్లు ఎవరి ముందు పెడతారా అని చూస్తాను.

అదే చంద్రబాబు 2024లో మళ్ళీ గెలిచి, జూన్ చివరి నుంచి జులై చివరికల్లా ఏడు శ్వేతపత్రాలు తెచ్చారు. పోలవరం, అమరావతి, కరెంటు, సహజవనరులు, మద్యం, శాంతిభద్రతలు, ఆఖరికి జులై 26న ఆర్థికం. అప్పులూ బకాయిలూ కలిపి 9.74 లక్షల కోట్లని తేల్చారు. బాగుంది. మరి ఆ ఏటి పూర్తి బడ్జెట్ ఎప్పుడొచ్చింది? నవంబర్ 11న. పాతవాళ్ళ లెక్క నెలలో ఏడుసార్లు చెప్పగలిగిన ప్రభుత్వానికి తన లెక్క ఒక్కసారి చెప్పడానికి ఐదు నెలలు పట్టింది.

లెక్కలు బయటపెడితే నష్టం కదా, మార్కెట్ భయపడుతుంది కదా అని అడిగేవాళ్ళుంటారు. గ్రీసు ఉదాహరణ చెబుతారు. 2009 అక్టోబర్‌లో అక్కడ కొత్తగా వచ్చిన పాపండ్రేవ్ ప్రభుత్వం, పాత ప్రభుత్వం చెప్పిన లోటు అబద్ధమనీ, అసలు లోటు జీడీపీలో 12 శాతం దాటుతుందనీ ప్రకటించింది. వడ్డీలు ఎగబాకాయి, ఆర్నెల్లకి దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు, యూరప్ ముందు చేయి చాచింది. నిజం చెప్పినందుకు శిక్ష పడింది. ఆ శిక్ష అనుభవించింది పెన్షనర్లు. అయితే తెలంగాణ గ్రీసు కాదు. మన రాష్ట్రాల బాండ్లని రిజర్వ్ బ్యాంకు వేలం వేస్తుంది. కొనేవాళ్ళు రాష్ట్రం ముఖం చూసి కాదు, వెనకాల కేంద్రమూ రిజర్వ్ బ్యాంకూ ఉన్నాయన్న ధీమాతో కొంటారు. అందుకే అప్పు ఎక్కువున్న రాష్ట్రానికీ తక్కువున్న రాష్ట్రానికీ వడ్డీలో తేడా పెద్దగా కనిపించదు. అంటే మనకి నిజం చాలా చౌక. చౌకగా దొరికేదాన్ని కూడా ఒక్కసారే కొంటామంటే ఏం చెప్పాలి?

నా వృత్తిలో దీనికి దగ్గరగా ఒకటుంది. వేరేవాళ్ళు రాసిన కోడ్ మన నెత్తిన పడుతుంది. మొదటి నెల అంతా ఎవడు రాశాడ్రా ఇది అని తిట్టుకుంటాం. ప్రతి లైనూ ఎవరు ఎప్పుడు రాశారో చూపించే కమాండ్ ఒకటుంది, అది నడిపి పేర్లు తీస్తాం. మేనేజర్ కూడా సానుభూతితో వింటాడు. ఆరు నెలలయ్యాక అదే కమాండ్ నడిపితే సగం లైన్ల మీద మన పేరే ఉంటుంది. పాతవాడు కట్టిన అడ్డదిడ్డపు పైపుకే, డెడ్‌లైన్ ఉందని, మనమూ ఇంకో పైపు తగిలించి ఉంటాం. మొదటి నెల తిట్లకి విలువ ఉండాలంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఆ కమాండ్ మనమే నడిపి నలుగురికీ చూపించాలి.

ఇప్పుడు తెలంగాణలో ఆ కమాండ్ నడుపుదాం.

పాత ప్రభుత్వం చివరి ఏడాది ఏం చేసింది? రేపటి ఆదాయాన్ని ఇవాళే తినేసింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ముప్పై ఏళ్ళపాటు టోల్ వసూలు చేసుకునే హక్కుని 2023లో ఐఆర్‌బీ సంస్థకి 7,380 కోట్లకి ఇచ్చేసింది. నేనుండేది దేవరయాంజాల్‌లో. వారానికి మూడురోజులు శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, మేడ్చల్, దుండిగల్, పటాన్‌చెరు మీదుగా గచ్చిబౌలి వెళ్తాను. ఫాస్టాగ్ బీప్ మన్నప్పుడల్లా కట్ అయ్యే డబ్బు 2053 దాకా ఎవరి ఖాతాలోకి వెళ్తుందో తెలుసు. దాని బదులు వచ్చిన 7,380 కోట్లు ఎన్నికల ఏడాదిలోనే వచ్చిపడ్డాయి. ఆ లీజు ముగిసేసరికి నేను రిటైరై ఉంటాను. అదే ఏడాది ఆగస్టులో, ఉన్న లైసెన్సులకి నవంబర్ చివరి దాకా గడువుండగానే, 2,620 మద్యం దుకాణాలకి కొత్త లాటరీ తీశారు. దరఖాస్తుకి 2 లక్షలు, తిరిగివ్వరు. లక్షా ముప్ఫై వేలకి పైగా దరఖాస్తులు, 2,600 కోట్లకి పైగా ఆదాయం. అదే నెలలో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకి వేలం. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2021 మార్చిలో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. ఉద్యోగులు సంతోషించారు. ఖజానా ఇంకా సంతోషించింది, మూడేళ్ళపాటు గ్రాట్యుటీలూ కమ్యుటేషన్లూ ఆగిపోయాయి కాబట్టి. ఆ వాయిదా సరిగ్గా 2024 మార్చి చివర తీరింది, కొత్త ప్రభుత్వం నెత్తిన.

ఇవన్నీ శ్వేతపత్రం స్ఫూర్తికి తగిన నేరారోపణలే. కాంగ్రెస్ వీటన్నింటినీ ప్రతిపక్షంలో ఉండగా తప్పుపట్టింది. ఇక పేర్లు మార్చి చూడండి. మద్యం దరఖాస్తు ఫీజు 2025లో 3 లక్షలైంది. 2,620 దుకాణాలే, లాటరీయే, తిరిగిరాని ఫీజే. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకి వేలం పోయింది, కోకాపేట రికార్డు చిన్నబోయింది. ఔటర్ లీజు మీద విచారణ అన్నారు, నా ఫాస్టాగ్‌కి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

అన్నింటికన్నా కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగినప్పుడు మనమంతా చెట్ల గురించి, జింకల గురించి, నెమళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడాల్సిందే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపించింది కూడా. కానీ ఆ గోలలో ఒక సంగతి వెనక్కి పోయింది. ఆ భూమిని ఆధారంగా చూపించి టీజీఐఐసీ అనే ప్రభుత్వ సంస్థ అప్పటికే దాదాపు 10,000 కోట్లు బాండ్ల ద్వారా తెచ్చింది. ఒక కార్పొరేషన్, దాని పేరున అప్పు, డబ్బు ప్రభుత్వ అవసరాలకి. పైన చెప్పిన నాలుగు గడులు గుర్తున్నాయా? ఈ అప్పు వాటిలో ఏ గడిలోకి వస్తుంది? ప్రభుత్వం తన పేరున తెచ్చింది కాదు కాబట్టి మొదటి గడి కాదు. మిగిలిన మూడింట్లో ఏదో ఒకటి. ఏదో నిర్ణయించాల్సింది నేను కాదు, ఆ గడులు గీసినవాళ్ళు. పాత ప్రభుత్వం అప్పుల్ని దాచిందని రుజువు చెయ్యడానికి వాళ్ళు తయారుచేసిన పరికరం చాలా మంచిది. దాన్ని తమ మీద తాము వాడుకోకపోతే అది పరికరం కాదు, రాయి. విసరడానికి పనికొస్తుంది, అంతే.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. కొత్త ప్రభుత్వం చేతులు నిజంగానే కట్టేసి ఉన్నాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో చెప్పిన లెక్క ప్రకారం రాష్ట్రానికి నెలకి వచ్చేది దాదాపు 18,500 కోట్లు. అందులో 6,500 కోట్లు జీతాలకీ పెన్షన్లకీ, మరో 6,500 కోట్లు అప్పుల వాయిదాలకీ పోతాయి. మిగిలే ఐదు, ఐదున్నర వేల కోట్లతో తక్కినవన్నీ నడవాలి. ఈ స్థితిలో ఎవరున్నా భూములవైపు, మందువైపు చూడక తప్పదంటే, నేను వాదించను. కానీ ఇదే స్థితి ఆరు గ్యారంటీలు రాసుకున్ననాడూ ఉంది. కార్పొరేషన్ల అప్పుల సంగతి కాంగ్రెస్ నాయకులే ఊరూరా చెప్పారు. శ్వేతపత్రంలో పాత ఖజానా ఏడాదిలో పదోవంతు రోజులైనా రిజర్వ్ బ్యాంకు చేబదుళ్ళు లేకుండా నడవలేదని రాసినవాళ్ళు, తమ రోజులెన్నో కూడా అదే పట్టికలో కింద ఇంకో వరసగా రాయొచ్చు. సభలో ప్రశ్నలకి జవాబులు వచ్చాయి, ఎవరెంత తెచ్చారని అరుపులూ జరిగాయి. ఆ 42 పేజీల్లాంటిది, తన గురించి తాను రాసుకున్నది, రెండోది రాలేదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే లెక్కలు తెరవడమంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. దేవరయాంజాల్ సీతారామచంద్రస్వామి దేవాలయానికి 1,521 ఎకరాల 13 గుంటల భూమి ఉందని ప్రభుత్వ కాగితాలే అంటాయి. అందులో గోడౌన్లు ఉన్నాయి, ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయి, తరతరాలుగా సాగు చేసుకుంటున్న రైతులూ ఉన్నారు, మా పట్టాలు మావే అని కోర్టులకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఇదంతా ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఏ ప్రభుత్వానికీ తెలియనిది కాదు. 2021 మే 2న ఈటల రాజేందర్‌ని మంత్రివర్గం నుంచి తప్పించారు. మరునాడే ఈ దేవుడి భూముల ఆక్రమణల మీద నలుగురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు. ఆయన ఆరోపణల్ని ఖండించారు, వాటి నిజానిజాలు ఇక్కడ నా విషయం కాదు. కరోనా రెండో దశ శవాలు లెక్కపెడుతున్న వారంలో ఇంత తొందర ఏమిటని హైకోర్టు కూడా అడిగింది. దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోని ఫైలు ఒక్క రాత్రిలో తెరుచుకుంది. గోడౌన్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆఫీసుకి వాటి పక్కనుంచే వెళ్తాను. మనకి లెక్కలు తెరవడమంటే ఎవరితోనో చెడినప్పుడు చేసే పని. శ్వేతపత్రాలది కూడా అదే జాతకం. చెడ్డవాళ్ళు పాతవాళ్ళయితే తెరుచుకుంటుంది. మనవాళ్ళయితే, ఇంకా సమయం రాలేదు.

ఈ మూసిన లెక్కల బరువు ఎవరి మీద పడుతోంది? బ్యాంకు వాయిదా మీద పడదు, అది తేదీకి వెళ్ళిపోవాలి. ఉద్యోగుల జీతాలు ఇప్పుడు ఒకటో తారీకుకే పడుతున్నాయి, పాత ప్రభుత్వంలో ఆ భాగ్యం లేదు, ఆ మార్పు చిన్నది కాదు. కానీ అదే ఉద్యోగి 2024 మార్చి తర్వాత రిటైరైతే కథ మారిపోతుంది. ముప్పై ఐదేళ్ళు దాచుకున్న జీపీఎఫ్, గ్రాట్యుటీ కోసం హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చినవాళ్ళున్నారు. కూతురి పెళ్ళి ఆ డబ్బుతో చెయ్యాలనుకున్నవాళ్ళకి ఇది స్థూల ఆర్థికశాస్త్రం కాదు. ఊళ్ళో సీసీ రోడ్డు వేయించి, శ్మశానవాటిక కట్టించి, 2024 ఫిబ్రవరి మొదట్లో పదవి దిగిపోయిన సర్పంచులు మా బిల్లులు ఏవని రోడ్డెక్కారు. వాళ్ళలో చాలామంది వడ్డీకి తెచ్చి పెట్టారు, రెండు రూపాయలకో మూడు రూపాయలకో. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు సచివాలయంలో ఆర్థికమంత్రి పేషీ ముందే కూర్చున్నారు. ఆ నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు తలుపులు మూశాయి. నేను ఇంజనీరింగ్ చదివింది ఆ పథకం కొత్తగా వచ్చిన రోజుల్లో. నా క్లాసులో సగానికి సగం మంది ఆ డబ్బుతోనే చదివారు. వాళ్ళిప్పుడు సియాటిల్ నుంచి కొండాపూర్ దాకా ఉన్నారు. ఇప్పుడు ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్ళకి బకాయి అంటే చేతికి రాని సర్టిఫికెట్.

పాత ప్రభుత్వం వదిలిపెట్టిన బకాయి బిల్లులు దాదాపు 40,000 కోట్లని ప్రభుత్వమే చెప్పింది. సరే. వాటిలో ఎన్ని తీర్చారు, కొత్తవి ఎన్ని చేరాయి, ఏ వరసలో తీరుస్తున్నారు? ఈ మూడో ప్రశ్నే అసలైనది. ట్రెజరీలో బిల్లు పాసైతే టోకెన్ నంబర్ వస్తుంది. టోకెన్ అంటే బ్యాంకులోలాగా నంబర్ పిలిస్తే వెళ్ళేది అనుకునేరు. ఇక్కడ నంబర్ ఉంటుంది, పిలిచే వరస ఉండదు. ముందొచ్చినవాడికి ముందు అని కంప్యూటర్ సైన్సులో మొదటి సంవత్సరం చెప్పే పాఠం ఒకటుంది, క్యూ అంటాం. తెలంగాణ ఖజానా ముందున్నది క్యూ కాదు, గుంపు. గుంపులో ఎవరి భుజం గట్టిదైతే వాళ్ళు ముందుకొస్తారు. డబ్బు తక్కువైనప్పుడు వరస చాలా ముఖ్యం, ఎక్కువున్నప్పుడు అది ఎవరికీ అక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది రుణవిముక్తి కాదు, పథకాలు ఆపమనీ కాదు, పాతవాళ్ళని జైల్లో వెయ్యమని అంతకన్నా కాదు. రెండు కాగితాలు. మొదటిది ప్రతి ఏడాదీ డిసెంబర్ 20న అవే నాలుగు గడులు, అవే నిర్వచనాలు, గడి మార్చిన అప్పు ఉంటే ఎందుకు మార్చారో ఒక వాక్యం, చేబదుళ్ళు లేకుండా గడిచిన రోజులెన్నో పక్కన ఒక సంఖ్య. చర్చకి అరగంట కాదు, చదవడానికి వారం ముందు. రెండోది బకాయి బిల్లుల పట్టిక. పేర్లు వద్దు. టోకెన్ నంబర్, శాఖ, మొత్తం, పాసైన తేదీ, చెల్లించిన తేదీ. దీనికి కొత్త కార్పొరేషన్ పెట్టక్కర్లేదు, కన్సల్టెంట్లని పిలవక్కర్లేదు. బిల్లులు నడిచేది కంప్యూటర్లోనే కాబట్టి ఈ ఐదు కాలమ్‌లూ అందులో ఉండి తీరతాయి. పాసైన తేదీ ప్రకారం వరసపెట్టి బయట పెడితే, 2022లో పాసైన ఏ రెండు లక్షల బిల్లు ముందు 2025లో పాసైన ఏ రెండు వందల కోట్ల బిల్లు దాటిపోయిందో, సర్పంచ్ తన ఫోన్లోనే చూసుకుంటాడు.